నాలుగు తెల్ల అంచులు

మదనపల్లె,
ఆగస్టు 4.

తిమ్మక్కకు,

క్షేమం సంగతి చివర రాస్తాను. ముందు విషయం. ఫోన్లో ఉన్న ఫొటోల గ్రూపు నుంచి నేను బయటికి వచ్చేశాను. ఎవరూ తోసెయ్యలేదు. నేనే వచ్చాను.

హార్సిలీ కొండకు పోయే దారిలో, మబ్బు కొండ నెత్తి మీద కూర్చున్న వేళ ఒక ఫొటో తీసి అందులో పెట్టాను. కొండకు అడ్డంగా మూడు కరెంటు తీగలు పడ్డాయి. గ్రూపు నడిపే లక్ష్మీపతి, బ్యాంకులో పనిచేసి దిగినాయన, కాసేపట్లో అదే ఫొటోను తీగలు లేకుండా చేసి మళ్ళీ పెట్టాడు. "ఇప్పుడు చూడండి మేడం" అని కింద ఒక దండం బొమ్మ. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను ఆయనకు ఫోన్ చేశాను.

"లక్ష్మీపతి గారూ, ఆ తీగలు యాడికి పోయినాయి?"

"చెరిపేస్తిని మా. ఇప్పుడు ఫోన్లోనే అయిపోతాది."

"ఆ తీగల్లో వచ్చే కరెంటుతోనే గదప్పా మీ ఫోన్ చార్జి అయ్యేది."

"అట్లంటే ఎట్లమ్మా. ఫొటో అంటే అందంగా ఉండాల గదా."

"అందం కావాలంటే క్యాలెండరు కొనుక్కోండి" అని పెట్టేశాను.

ఇన్నేళ్ళు బడిలో సోషల్ చెప్పాను. పటంలో ఉన్న ఏరును పిల్లవాడు మరచిపోతే మార్కు తీసేశాను. ఇప్పుడు కళ్ళ ముందున్న తీగను లేదనుకోమంటే అనుకోను.

కాబట్టి మనిద్దరం ఇకమీద మన పాత పద్ధతిలోనే పోదాం. నువ్వు తీసినవి పుంగనూరుకు, మన కుప్పుస్వామి స్టూడియోకు పంపు. నేనూ అక్కడికే పంపుతాను. మనతో పదో తరగతి చదివినవాడు, నాలుగు వైపులా తెల్ల అంచు వదిలి కాగితం మీద వేసేవాడు ఈ చుట్టుపక్కల వాడొక్కడే మిగిలాడు. వెనక ఊరు, వేళ రాసి ఉత్తరంలో పెట్టి పంపుకుందాం. వేలితో పైకి తోసేసే ఫొటో ఫొటో కాదు. మన నియమం ఒకటే: ఉన్నది ఉన్నట్టు. తీగ చెరపకూడదు, అంచు కత్తిరించకూడదు.

ఇందులో పెట్టింది పుంగనూరులో తీసింది. బెంగుళూరు కారులో వెనక సీటు మీద కూర్చున్నది కుక్కపిల్ల కాదు, పుంగనూరు ఆవు దూడ. ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోతున్నారు. దాని తల్లి రోడ్డు మీద నిలబడి కారు వైపు చూస్తోంది. తల్లి కూడా మోకాలి కంటే కొంచెమే ఎత్తు. లక్ష్మీపతి అయితే తల్లిని కూడా చెరిపేసేవాడు.

క్షేమమే. నీ క్షేమం రాయి.

అంబిక

*

కుప్పం,
ఆగస్టు 21.

అంబికా,

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ చేన్లోకే తెచ్చి ఇచ్చాడు. ఈ కాలంలో కూడా ఉత్తరాలేందక్కా అని వాడికి నవ్వు. మా టీచరమ్మకు ఫోన్ మీద కోపం వచ్చింది నాయనా అన్నాను.

నీకు గ్రూపులో చప్పట్లు పోయాయి, నాకు గ్రూపే లేదు. కాబట్టి నష్టం నీకే.

ఆ తల్లి ఆవు ఫొటో చూసి నా కోడలు సుప్రజ రెండుసార్లు అడిగింది, దూడ మళ్ళీ వచ్చిందా అత్తా అని. నువ్వు మంచి ఫొటో తీశావు. ఇంత మాట నీకు నేను ఎప్పుడూ చెప్పలేదు, దాచిపెట్టుకో.

నేను పంపింది మా కుక్క కర్రోడిది. పేరుకు తగ్గట్టే మసి. నేను చేనుకు పోతే ముందు పోతాడు, ఇంటికి వస్తే వెనక వస్తాడు. రాగి నారు కట్టల మీద పడుకున్నాడు చూడు, మా కొడుకు ధనుంజయ లేపితే లేవడు. "నీ కుక్కకు నేనంటే లెక్క లేదు మా" అంటాడు వాడు. "నీకు నేనంటే లెక్క ఉండాదా, కుక్కకు ఉండేదానికి" అన్నాను.

ఈసారి చేనంతా రాగే వేశాము. పోయినేడు ఏనుగు వచ్చి తొక్కిన చేను ఇదే. అడవి మా గట్టు అవతలే కదా. ఒక దంతం విరిగిపోయిన మగ ఏనుగు, ఒంటికొమ్మోడు అంటాము. వాడు మళ్ళీ వస్తే ఫొటో తీసి నీకు పంపుతాను. నువ్వు తీసిన కొండలూ ఆవులూ నా ఏనుగు ముందు నిలబడవు.

తిమ్మక్క

*

మదనపల్లె,
సెప్టెంబరు 15.

తిమ్మక్కకు,

కర్రోడి ఫొటోలో తల బాగా వచ్చింది, తోక మసకబారింది. తోక ఆడిస్తుంటే అంతే అవుతుంది, నీ తప్పు కాదు. కానీ వెనక "చేను" అని మాత్రం రాశావు. ఏ చేను, ఏ వేళ? పదేళ్ళ తరవాత చూసేవాళ్ళకు నువ్వు పక్కన నిలబడి చెప్పవు.

ఇది కురబలకోట దగ్గర తీసింది. గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. కాళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి, నడిచే అడవిలాగా వచ్చాయి. ఇంత దగ్గరగా నాకు ఎప్పుడూ కుదరలేదు.

మా ప్రవీణ్ మళ్ళీ మొదలుపెట్టాడు. "ఈ వయసులో ఆ కెమెరా తగిలించుకోని ఊరి మీద పడి తిరిగేది యాల మా? నలుగురూ ఏమనుకుంటారు?" ఆ నలుగురి పేర్లు రాసివ్వమన్నాను. నేనే పోయి అడుగుతాను. ఇంతవరకు ఒక్క పేరు కూడా ఇవ్వలేదు. మనవరాలు గీత మాత్రం నాయనమ్మా నేనూ వస్తానంటోంది. పరీక్షలు అయ్యాక తీసుకుపోతాను.

అంబిక

*

కుప్పం,
అక్టోబరు 9.

అంబికా,

గొర్రెల ఫొటో చూశాను. నాకు ఒకటి చెప్పు. నిలబడిన మనిషికి గొర్రె వీపు కనబడుతుంది. నీ ఫొటోలో వీపులు లేవు, డెక్కలు ఉన్నాయి, కడుపులు ఉన్నాయి. కెమెరా నేల మీద ఉంది. నేల మీద కూర్చుని తీసే మోకాళ్ళు నీకు లేవని నాకు తెలుసు.

పడ్డావు కదా?

ఉన్నది ఉన్నట్టు అని రాసింది ఎవరు?

సరే, ఇది చూడు. ఒంటికొమ్మోడు. పొద్దు వాలేటప్పుడు అడవి అంచున నిలబడ్డాడు. నేను గట్టు మీద చింత చెట్టు చాటున ఉన్నాను. ఫొటో తీస్తున్నంతసేపూ కర్రోడు నా కాళ్ళకు ఆనుకుని నిలబడ్డాడు, ఒక్కసారి కూడా మొరగలేదు. వాడికి అంత తెలివి ఎక్కడిదో. ఏనుగు చెవులు ఆడించి, చేను వైపు చూసి, వెనక్కి తిరిగిపోయింది. నాకు భయం వేయలేదని రాస్తే అబద్ధం. కానీ ఫొటో మసకబారలేదు. చూడు, చెవుల అంచులు కూడా తెలుస్తున్నాయి.

ఫొటో ధనుంజయకు చూపిస్తే వాడి ముఖం నల్లబడింది. "నువ్వు ఫొటోలు తీస్తాండు. అది కంకి పట్టే దినం సూసుకోని వస్తాది. అప్పుడు దానికి దండేసి పిలుస్తామా?" అన్నాడు. పోయినేడు గింజ ఇంటికి రాలేదు. వాడి కోపం వాడిది.

తిమ్మక్క

*

మదనపల్లె,
అక్టోబరు 20.

తిమ్మక్కకు,

పడ్డాను. బండ మీద కాలు జారింది. మోచేయి గీసుకుంది, మరేమీ కాలేదు. పడినదాన్ని ఎట్లాగూ కింద ఉన్నాను కదా అని ఫొటో తీశాను. దాచడం తప్పే. ఇంట్లో చెప్పలేదు కాబట్టి నీకూ చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చాక ఇంట్లోనూ చెప్పేశాను. ప్రవీణ్ నా చెప్పులు బీరువాలో పెట్టి తాళం వేశాడు. వాడి చెప్పులు వేసుకుని బజారుకు పోయి కొత్త జతా, ఊతకర్రా కొనుక్కుని వచ్చాను. ఆ పెద్ద చెప్పులతో బజారంతా టపటపలాడుతూ తిరిగింది నేనే. నలుగురూ ఏమనుకున్నారో వాడే కనుక్కోవాలి.

నీ ఏనుగు ముందు నా గొర్రెలు తేలిపోయాయి. ఒప్పుకుంటున్నాను. గోడకు పెట్టాను.

రాగి కంకి పట్టాక చేను మొత్తం వచ్చేట్టు ఒకటి తీసి పంపు. ఏనుగు చూసే చేను ఎట్లా ఉంటుందో నేనూ చూడాలి.

అంబిక

*

కుప్పం,
నవంబరు 12.

అంబికా,

నువ్వు అడిగిన చేను ఫొటో ఇందులో పెట్టాను.

కర్రోడు చచ్చిపోయాడు. గట్టు దగ్గర పడి ఉన్నాడు. ఏం తిన్నాడో.

నా ఫోన్ చెడిపోయింది. కొన్నాళ్ళు ఫొటోలు ఉండవు. సుప్రజను, నన్ను పొద్దు వాలాక చేను వైపు పోవద్దని ధనుంజయ గట్టిగా చెప్పాడు. ఏనుగు భయం.

పని ఎక్కువగా ఉంది.

తిమ్మక్క

*

పుంగనూరు,
నవంబరు 19.

తిమ్మక్కకు,

కుప్పుస్వామి స్టూడియోలో, అతని బల్ల మీద రాస్తున్నాను. ఎందుకు వచ్చానో చెప్తాను.

నీ చేను ఫొటోకు మూడు వైపులే తెల్ల అంచు ఉంది. కుడి వైపు లేదు. కుప్పుస్వామి ఎప్పుడూ అట్లా వెయ్యడు. వెనక నీ రాతలో వరసల మొదటి అక్షరాలు తెగిపోయాయి. అంతకంటే ముఖ్యం, ఆ కుడి అంచున కర్రోడు ఉన్నాడు. తల ఉంది, ముందు కాళ్ళు ఉన్నాయి, నడుము దగ్గర కాగితం అయిపోయింది. చచ్చిపోయిన కర్రోణ్ణి నువ్వు నీ ఇష్టంతో సగానికి కొయ్యవు. ఎవరో కొయ్యమన్నారు.

నీకు ఫోన్ చేశాను. చెడిపోయిన ఫోన్ మోగింది. ధనుంజయ ఎత్తి "అమ్మ చేన్లో ఉండాది టీచరమ్మా" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట. అందుకని బస్సు ఎక్కాను.

కుప్పుస్వామికి నువ్వు పంపిన పూర్తి ఫొటో ఉంటుంది కదా. అడిగాను.

"ఉండాది. సూస్తావా?"

"నువ్వు చూడలేదా దాన్ని, ప్రింటు తీసేటప్పుడు?"

"నేను వెలుతురు సూస్తా మా. బొమ్మ సూస్తా కూసుంటే ఒగ ఫొటో గూడా బయటికి రాదు."

కవరులో పెట్టి నా ముందు పెట్టాడు. నేను విప్పలేదు. అది ఈ ఉత్తరం పక్కనే ఉంది, మూసినట్టే తిరిగి ఇచ్చేస్తాను. నీ ఫొటో నాకు చూపించాల్సింది నువ్వు. పైగా అందులో ఏముందో నాకు విప్పకుండానే తెలుసు. చేను గట్టు మీద తీగ ఉంది. బోరు మోటారు పెట్టె నుంచి కరెంటు ఆ తీగలోకి వస్తోంది. కర్రోడు ఏమీ తినలేదు. పొద్దు వాలాక మిమ్మల్ని అటు పోవద్దన్నది అందుకే.

తిమ్మక్కా, ఈ చుట్టుపక్కల ఏనుగులు అట్లా ఎన్ని పడిపోయాయో నీకు తెలుసు. మనుషులూ పోయారు, పక్క చేనుకు నీళ్ళు కట్టడానికి వచ్చినవాళ్ళు. రేపు తెల్లవారుజామున కోడలు గడ్డికి పోతే?

ముందే చెప్తున్నాను. నీ దగ్గర నుంచి తీగ తీసేశామని మాట రాకపోతే, నేను అటవీశాఖ వాళ్ళ దగ్గరికి పోతాను. పేరు చెప్పకుండా ఫోన్ చెయ్యను. ఎదురుగా పోయి, నా పేరు, నీ పేరు, మనం ఒకే బెంచీ మీద కూర్చున్న సంగతి అన్నీ చెప్తాను. ధనుంజయ నాకూ కొడుకులాంటివాడే. అయినా చెప్తాను.

స్పీడుపోస్టులో వేస్తున్నాను.

అంబిక

*

కుప్పం,
నవంబరు 22.

టీచరమ్మకు,

పో. చెప్పుకో.

ఏనుగు నీ గోడ మీద ఉంటుంది. నా చేన్లోకి వస్తుంది. నీకు పెన్షను నెల నెలా వస్తుంది, దాన్ని ఏ ఏనుగూ తొక్కదు. పోయినేడు తొక్కిన చేను ముందు నిలబడి ధనుంజయ ఏడ్చాడు. మగవాడు, ముప్పై దాటినవాడు, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. దానికి ఫొటో లేదు. నేను తియ్యలేదు. నీ నియమం ప్రకారం తియ్యాల్సింది కదా?

నీకు మందలో డెక్కలు కనబడతాయి. గొర్రెల వెనక నడిచేవాడి కాళ్ళు ఎప్పుడైనా కనబడ్డాయా?

అవును, తీగ ఉంది. వాడు కట్టాడు. ఫొటోలో పడింది. ఇది ఎవరైనా సూస్తే నన్ను తీసుకోనిపోతారు మా, కోసేయ్ అన్నాడు. ఫోన్ కూడా తీసుకున్నాడు. నేనే కత్తెర తెచ్చి కోశాను. నా చేత్తో నేనే. వాడు నా కడుపున పుట్టినవాడు, కర్రోడు కాదు. అట్లా అనుకునే కోశాను.

ఇదిగో నువ్వు అడిగిన ముక్క. పారెయ్యలేక బియ్యం డబ్బాలో దాచాను. చూసుకో. తీగ ఉంది, తీగ కింద కరెంటు నేలకు దిగకుండా కర్రలకు బోర్లించిన గాజు సీసాలు ఉన్నాయి, కర్రోడి వెనక కాళ్ళు ఉన్నాయి, తోక ఉంది. ఈసారి కూడా తోక మసకే. ఆడిస్తున్నాడు.

ఫారెస్టు వాళ్ళకు ఇస్తావో, గోడకు అంటించుకుంటావో నీ ఇష్టం.

తిమ్మక్క

*

మదనపల్లె,
నవంబరు 25.

తిమ్మక్కకు,

ముక్క అందింది. తిట్లూ అందాయి. పెన్షను మాట నిజం. గొర్రెల కాపరి కాళ్ళ మాట కూడా నిజం. ఆ ఫొటో మళ్ళీ తీసి చూశాను, ఒక మూల ఆయన చెప్పు ఉంది, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది. నేను దాన్ని చూడనే లేదు.

అయినా నా మాట మారదు. శనివారం పొద్దున బస్సుకు కుప్పం వస్తున్నాను. ప్రవీణ్ వద్దన్నాడు. వాడికి నిన్ననే చెప్పాను, నన్ను ఆపాలంటే ఊతకర్ర కూడా బీరువాలో పెట్టాలని. ముందు నీ ఇంటికి వస్తాను. తీగ ఉంటే అక్కడి నుంచి అటవీశాఖ ఆఫీసుకు పోతాను, ఈ ముక్కతో. దారి నువ్వే చూపించాలి, నాకు తెలియదు. తీగ లేకపోతే ముక్క నా దగ్గరే ఉంటుంది. కాఫీ తాగి చేను చూస్తాను.

అంబిక

*

కుప్పం,
నవంబరు 28.

అంబికా,

కాఫీకి పాలు చెప్పి పెట్టాను.

నీ బెదిరింపుకు తీగ తీశాననుకోకు. నువ్వు రాకముందే, నీ ఉత్తరం విప్పకముందే తీశాను. ముక్క నీకు పంపాక బియ్యం డబ్బా తెరిస్తే ఖాళీగా అనిపించింది. వాడి తోకను నేను బియ్యంలో దాచాను, ఇప్పుడు అది కూడా లేదు. గంజి పెట్టడానికి గిన్నె తీసి, ఎవరికి పెడుతున్నానని అక్కడే నిలబడిపోయాను. కోడలు చూసింది. పోయి మోటారు కరెంటు ఆపేసి, పెట్టెలోని ఫీజు పెరికి కొంగులో ముడి వేసుకుని వచ్చింది.

"అత్తా, ఫీజు నా నడుముకు ఉండాది. ఇంగ ఎవరొచ్చినా వెయ్యలేరు. నువ్వు కొయ్యి."

పట్టపగలు, అందరూ చూస్తుండగా కోశాను. పక్క చేను భీమరావు గట్టు మీదికి వచ్చాడు.

"ఏమక్కా, ఆ టీచరమ్మ ఫొటోల కోసరం సేను ఏనుక్కి పెడతాండావా?"

"ఫొటోల కోసరం గాదప్పా. మా కర్రోడి కోసరం. రేపు నీ కోసరం గూడా. నువ్వు గట్టు దాటి మా బోరుకాడికి నీళ్ళు తాగను వస్తావు గదా, నీకేం చెప్పి రానిచ్చినాడు మావోడు?"

అతనికి ఎవరూ చెప్పలేదు. తీగ వైపు చూశాడు, తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. నాతో పాటు సీసాలు పెరకడం మొదలుపెట్టాడు.

ధనుంజయ వచ్చేసరికి తీగ చుట్టలు చుట్టి వాడి బండి సీటు మీద పెట్టాను. చుట్టను చేత్తో తోసి చూశాడు.

"ఏనుగొస్తే?"

"వస్తాది."

"తొక్కితే?"

"తొక్కుతాది. నువ్వు జైల్లో ఉంటే కోసేవాడు గూడా ఉండడు. నువ్వు ఈడ ఉండు, తొక్కంది కోసుకుందాం."

సుప్రజ తన ఫోన్లో ఫొటో తీసింది. వాడు ఇటు తిరిగాడు.

"నా మొగం పడిందా?"

"పడింది."

"కోసేయ్ మా."

"కోసేది లేదు" అన్నాను.

మూడు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. తింటున్నాడు. నిన్న భీమరావుతో కలిసి ప్రాణం తియ్యని సోలారు కంచె సంగతి అడిగి రావడానికి పోయాడని కోడలు చెప్పింది. నాకు చెప్పలేదు కాబట్టి నాకు తెలియనట్టే ఉన్నాను.

ఒంటికొమ్మోడు మొన్న వచ్చిపోయాడు. అడవి వైపు మూల అంతా తినేశాడు. పొద్దున పోయి ఆ మూల ఫొటో తీశాను, నా ఫోన్ నేనే తీసుకున్నాను. అడుగుల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. కడుపు మండింది. కానీ ఆ అడుగులు మా గట్టు దాటి తిరిగి అడవిలోకి పోయాయి. అది కూడా ఫొటోలో ఉంది. మొత్తం ఉంది, నాలుగు అంచులూ.

శనివారం రా. పెద్ద చెప్పులు వేసుకుని రాకు, మా గట్లు సన్నం.

తిమ్మక్క

*

మదనపల్లె,
డిసెంబరు 6.

తిమ్మక్కకు,

కుప్పం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే చేసిన పని రాస్తున్నాను.

నీ చేను ఫొటోను, నువ్వు పంపిన ముక్కను అట్ట మీద పెట్టి అతికించాను. నీ కత్తెర చివర వంకర పోయింది, అక్కడ అతుకు కుదరలేదు. దారమంత గీత కనబడుతోంది.

నిన్న లక్ష్మీపతి ఇంటికి వచ్చాడు, గ్రూపులోకి మళ్ళీ రమ్మని అడగడానికి. గోడ మీద చూశాడు. ఆ తీగ సంగతి అంతా చెప్పాను. చాలాసేపు దగ్గరికి వంగి చూశాడు.

"ఆ అతుకు ఒగటి కనబడతాండాది మా. ఫొటో నాకియ్యండి, ఫోన్లో పెట్టి చెరిపేస్తా. కోసినట్టే తెలీదు."

"కోసినాము గదప్పా" అన్నాను. "తెలియాల."

గ్రూపులోకి రానని కూడా చెప్పాను. కావాలంటే ఆయన్నే మనకు ఉత్తరం రాయమన్నాను. నియమాలు ఒప్పుకుంటే ఆలోచిద్దాం. నీ ఇష్టం కూడా రాయి.

ఇప్పుడు ఆ ఫొటోలో చేను నిండుగా ఉంది. తీగ ఉంది, సీసాలు ఉన్నాయి. కర్రోడు తలా తోకా కలిపి పూర్తిగా ఉన్నాడు, తోక ఆడిస్తున్నాడు. అట్టకు అతికించే ముందు తిప్పి చూస్తే, వెనక నీ వరసల మొదట తెగిన అక్షరాలు మళ్ళీ వచ్చి కలిశాయి. చేను పేరు, వేళ అన్నీ రాశావు. ఈసారి మార్కు తీసెయ్యను.

అంబిక